అనుమతి లేకుండా ప్రాణాలు కాపాడినవారు

వైద్యానికి ఇంజనీరింగ్ చేసిన సేవను కొనియాడేవారు, ఆ సేవ ఎంత క్రమశిక్షణ లేకుండా జరిగిందో మాత్రం చెప్పరు. ఈ సంగతిని పరిశోధన నిధుల సంఘాల దృష్టికి తేవడం నా కర్తవ్యంగా భావిస్తున్నాను.

మొదటి ముద్దాయి విలెం కోల్ఫ్. 1943లో, నాజీల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, ఆయన సాసేజ్‌ల తయారీకి వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని ఒక డ్రమ్ముకు చుట్టి, అందులో రోగి రక్తాన్ని పారించి, ఆ డ్రమ్మును ఉప్పునీటి తొట్టిలో తిప్పుతూ మూత్రపిండం చేయవలసిన పని చేయించాడు. పూర్వ పరిశోధనల సమీక్ష ఏది? మూడేళ్ల వ్యయ పట్టిక ఏది? పైగా ఆయన ఇంజనీరు కాదు, వైద్యుడు. కనుక దరఖాస్తు ఏ విభాగానికి వెళ్లాలో కూడా తేలదు. (రోగి సమ్మతి సంగతి నిజంగా అడగవలసిన ప్రశ్న గనుక ఇక్కడ అప్రస్తుతం.) తొలి రోగులు దాదాపు అందరూ మరణించినా ఆపేవారు లేకపోవడం వల్ల, 1945లో 67 ఏళ్ల స్త్రీ ఒకరు కోమా నుంచి కోలుకున్నారు. ఒకే ఒక్కరు! ఈ సంఖ్యతో ఏ సమీక్షకుడు తృప్తిపడతాడు?

గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్‌కు విశ్వవిద్యాలయ పట్టా లేదు. గ్రామఫోన్ రికార్డులకు పేరుపొందిన ఇఎంఐ సంస్థలో ఉద్యోగం చేస్తూ సీటీ స్కానర్ తయారుచేశాడు. 1979లో నోబెల్ ఇచ్చి ఆ ధోరణిని ప్రోత్సహించారు. ఇంజనీరు విల్సన్ గ్రేట్‌బాచ్ మరీ అన్యాయం. గుండె చప్పుడును నమోదు చేసే పరికరంలో పొరపాటున వేరే రెసిస్టర్ (విద్యుత్ ప్రవాహాన్ని అదుపుచేసే చిన్న భాగం) పెట్టగా, అది నాడిలా కొట్టుకోవడం గమనించి, 1960 నాటికి దానిని శరీరంలో అమర్చే పేస్‌మేకర్‌గా మార్చాడు. ప్రతిపాదనలో లేని ఫలితాన్ని పారవేయాలన్న కనీస మర్యాద ఆయనకు తెలియలేదు.

నేడు పరిస్థితి ఎంతో మెరుగు. నమూనా పరికరం ఎలుకమీద పనిచేస్తుంది, వ్యాసం అచ్చవుతుంది, విద్యార్థికి పట్టా వస్తుంది, నమూనా బీరువాలో చేరుతుంది. వ్యాసం చివర "భవిష్యత్తులో రోగులకు ఉపయోగపడగలదు" అన్న వాక్యం ఉంటుంది గనుక మానవాళి రుణం తీరినట్టే. ఆ నమూనాను నర్సు చేతికిచ్చి, ఎక్కడ జారుతోందో, ఏ తీగ అడ్డం వస్తోందో అడిగి బాగుచేయడం నూతనత్వం కిందికి రాదు.

అయినా కొందరు ఇప్పటికీ వార్డుల్లో తిరుగుతూ, మానిటర్ అలారాలు ఊరికే ఎందుకు మోగుతున్నాయని విచారిస్తున్నారు. కొత్త యంత్రం అక్కర్లేదని, ఉన్నదాని అలారం హద్దులు రోగికి తగ్గట్టు సరిచేస్తే చాలని నిధుల దరఖాస్తుల్లో రాస్తున్నారు. అడిగిన మొత్తం ఇంత తక్కువగా ఉండటమే అనుమానాస్పదం గనుక, ఆ దస్త్రాలను లోతైన పరిశీలన నిమిత్తం తరువాతి సమావేశానికి వాయిదా వేయవలసిందిగా సంఘాన్ని కోరుతున్నాను.