ఈసారి పెద్దవాళ్ళను హాక్ మౌంటెన్‌కు తీసుకెళ్దాం

ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వస్తే మనందరి లిస్టూ ఒకటే. నయాగరా, స్టాట్యూ ఆఫ్ లిబర్టీ, వాషింగ్టన్, పిట్స్‌బర్గ్ వెంకన్న గుడి. మొదటి రెండు నెలల్లో అవన్నీ అయిపోతాయి. ఆ తర్వాత వాళ్ళు కిటికీ దగ్గర కూర్చుని, మనం ఆఫీసు నుంచి, పిల్లలు స్కూలు నుంచి ఎప్పుడొస్తారా అని రోడ్డు వైపు చూస్తుంటారు. చూపించాల్సినవన్నీ చూపించేశాం అనుకుంటాం. వాళ్ళే మనకు ఏదైనా చూపించగలిగే చోటుకు ఒక్కసారైనా తీసుకెళ్ళామా?

పోయిన సెప్టెంబరులో మా ఇంటిల్లిపాదీ పెన్సిల్వేనియాలోని హాక్ మౌంటెన్‌కు వెళ్ళాం. న్యూజెర్సీలో ఎడిసన్ వైపు నుంచి దాదాపు రెండు గంటల దారి. కెంప్టన్ ఊరి దగ్గర కొండ మీద ఉంటుంది. ప్రపంచంలో గద్దలు, డేగల కోసమే ఏర్పాటైన మొట్టమొదటి అభయారణ్యం అది. ప్రయాణం మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టు కోసం. మా మామయ్యగారిని ఇంట్లో ఒంటరిగా వదలలేక వెంటబెట్టుకెళ్ళాం. పక్షుల కోసం అంత దూరం ఎందుకమ్మా అన్నారాయన కారెక్కుతూ.

ఆ కొండ కథ తెలుసుకుని వెళ్తే మంచిది. ఉత్తరాది చలికి ముందే దక్షిణానికి వలసపోయే డేగలు కిట్టటిన్నీ కొండల వరస మీదుగా వెళ్తాయి. కొండకు కొట్టుకుని పైకి లేచే గాలి వాటిని మోస్తుంది, రెక్క ఆడించే శ్రమ తగ్గుతుంది. ఒకప్పుడు జనం తుపాకులతో ఆ శిఖరం మీద కూర్చుని వాటిని సరదాకి కాల్చేవారు. కోళ్ళను ఎత్తుకుపోయే దొంగ పక్షులని వాటికి పేరు. గాషాక్ అనే డేగను చంపితే రాష్ట్ర ప్రభుత్వమే 5 డాలర్లు బహుమానం ఇచ్చేది. చచ్చిన పక్షులను నేల మీద వరసగా పేర్చి రిచర్డ్ పో అనే ఆయన 1932లో ఫోటోలు తీశారు. అవి చూసిన రోజలీ ఎడ్జ్ అనే న్యూయార్క్ ఆవిడ, 1934లో ఆ కొండ మీద సుమారు 1,400 ఎకరాలు లీజుకు తీసుకున్నారు. మారిస్ బ్రౌన్‌ను కాపలాకు పెట్టారు. ఆయన, భార్య ఇర్మా కలిసి వేటగాళ్ళను వెనక్కి పంపారు. ఆ ఏడాదే ఆయన దాటిపోయే పక్షులను లెక్కపెట్టడం మొదలుపెట్టారు. డీడీటీ అనే పురుగుమందు వల్ల గుడ్ల పెంకులు పలచబడి పక్షులు తగ్గిపోతున్న రోజుల్లో, బాల్డ్ ఈగిల్ పిల్లలు కనబడడం లేదని రచయిత్రి రేచల్ కార్సన్ 1962లో రాసింది ఈ లెక్కలు చూపించే. 1972లో ఆ మందును దేశంలో నిషేధించారు.

పక్షులను చూసే చోటు నార్త్ లుకౌట్ దాకా మైలు దూరం నడక, చివర్లో అంతా బండరాళ్ళు. మామయ్యగారు కర్ర పట్టుకుని మెల్లగా ఎక్కారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు గేటుకు దగ్గర్లోనే సౌత్ లుకౌట్ ఉంది, అక్కడ నుంచీ పక్షులు కనిపిస్తాయి.

పైన ఒక పొడవాటి కర్రకు గుడ్లగూబ బొమ్మ కట్టి నిలబెట్టారు. అది ఎందుకని మా అబ్బాయి అడిగితే నాకు తెలియలేదు. మామయ్యగారు వెంటనే చెప్పారు. "పగలు గుడ్లగూబ బయటికొస్తే కాకులన్నీ చేరి తరుముతాయి చూడు నాన్నా, వీళ్ళు డేగల్ని అలా దగ్గరికి రప్పిస్తున్నారు." చెప్పిన పావుగంటకే ఒక చిన్న డేగ కొండ చాటు నుంచి రివ్వున వచ్చి, ఆ బొమ్మ తలను తాకీ తాకనట్టు పోయింది. దాని పొట్ట మీద ఎర్రటి చారలు కళ్ళద్దాలు లేకుండా కనబడ్డాయి. పక్కన కూర్చున్న వాలంటీరు చేతిలో పక్షులను లెక్కపెట్టే క్లిక్కర్ టక్కుమంది.

మధ్యాహ్నం ఎండ కాస్త ముదిరాక బ్రాడ్-వింగ్డ్ హాక్‌ అనే డేగలు వచ్చాయి. సెప్టెంబరు మధ్యలో వాటి గుంపులు బాగా కనిపిస్తాయి. వేడిగాలి లేచే చోట వందకు పైగా పక్షులు సుడిగాలిలో ఎండుటాకుల్లా గుండ్రంగా తిరుగుతూ పైకి పోయాయి. పైకి పోయాక ఒక్కొక్కటే జారుకుంటూ దక్షిణానికి మళ్ళాయి. వాటి ప్రయాణం దక్షిణ అమెరికా దాకా. కొండ మీద అంతమంది ఉన్నా ఎవరూ మాట్లాడలేదు.

అయితే మామయ్యగారు లేచి నిలబడింది వాటిని చూసి కాదు. రెక్కలు 'వి' ఆకారంలో ఎత్తిపెట్టి, అటూ ఇటూ తూలుతూ ఎర్రతల పక్షి ఒకటి మా కంటే కిందుగా, లోయ మీదుగా పోయింది. టర్కీ వల్చర్. "రాబందురా ఇది!" అన్నారాయన. శాస్త్రజ్ఞుల లెక్కలో దీని వంశం వేరు, మన రాబందు వంశం వేరు. ఆయనకు ఆ తేడాతో పని లేదు.

చిన్నప్పుడు ఊరి బయట గొడ్డు చచ్చి పడి ఉంటే సాయంత్రానికి ఎముకలే మిగిలేవట. తర్వాత ఎప్పుడో రాబందులు రావడం మానేశాయి. ఎందుకో ఊళ్ళో ఎవరికీ తెలియదు, పట్టించుకున్నవాళ్ళూ లేరు. నేను ఫోనులో చూసి చెప్పాను. పశువులకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ మందు, ఆ పశువు చచ్చాక దాని కళేబరం తిన్న రాబందు మూత్రపిండాలను పాడుచేస్తుంది. 1990ల నుంచి పదిహేనేళ్ళలో మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా పోయాయి. 2006లో పశువైద్యంలో ఆ మందు నిషేధించారు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "మా గేదెకూ వేయించానమ్మా ఆ సూది" అన్నారు చివరికి.

మా అబ్బాయి తాత చెయ్యి పట్టుకున్నాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య జరిగిన మాటలు ఏ తెలుగు బడిలోనూ దొరకవు. జటాయువు రెక్క తెగి పడింది లేపాక్షిలోనే అంటారని, తెల్లరొమ్ము గరుడపక్షి కనబడితే ఊళ్ళో దండం పెట్టుకుంటారని, కోడిపిల్లలను గద్ద తన్నుకుపోకుండా తల్లికోడి ఎలా అరుస్తుందో, అన్నీ తెలుగులోనే వచ్చాయి. ఇంగ్లీషులో చెప్పడం ఆయనకు రాదు. వినాలంటే వాడు తెలుగు వినాల్సిందే. తెలంగాణలో బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్ళు పెట్టిన సంగతి నేను చెబితే, మళ్ళీ ఇండియా వెళ్ళినప్పుడు అక్కడికెళ్దామని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు.

మన తెలుగు సంఘం ఏటా వేసవిలో అదే పార్కులో, అదే షెడ్డు కింద పిక్నిక్ పెడుతుంది. పెద్దవాళ్ళను ఒక టేబులు దగ్గర కూర్చోబెట్టి ప్లేట్లు అందించి వెళ్ళిపోతాం. దానితో పాటు సెప్టెంబరు మధ్యలో ఒక శనివారం, తాతయ్యలు, అమ్మమ్మలు, మనవలతో హాక్ మౌంటెన్ యాత్ర పెట్టమని కమిటీని కోరుతున్నాను. స్టేజీ వద్దు, మైకు వద్దు. పులిహోర డబ్బా, నీళ్ళు, బైనాక్యులర్స్ చాలు. చెత్త మనమే తిరిగి పట్టుకొచ్చేద్దాం.

మామయ్యగారు ఆగస్టులో మళ్ళీ వస్తున్నారు. మా కారులో ఇంకో ఇద్దరికి చోటుంది.