పక్కనున్న ఫెండరుతో పొసగని ముందు బంపరు గారికి

మహారాజశ్రీ ముందు బంపరు గారి సముఖానికి, లైట్ బూత్ దగ్గర రంగులు సరిచూసే ఉద్యోగి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ ముందు చక్రాల పైభాగాన్ని కప్పే ఫెండర్లిద్దరూ, బానెట్ గారూ, తలుపులూ క్షేమం; వారంతా ఒకే రంగులో ఉన్నారు. తమరు తమ రంగులో క్షేమంగా ఉన్నారని పది అడుగుల అవతల నుంచే కనిపిస్తున్నది.

తమరిని చిన్నబుచ్చాలని ఈ ఉత్తరం రాయడం లేదు. నిజానికి ఈ కారు కొన్న పెద్దమనిషి మనసును మా అందరికంటే బాగా అర్థం చేసుకున్నది తమరే. ఆయన కంపెనీ రంగుల పట్టికను ఒకసారి తిరగేసి, అందులో ఉన్నవన్నీ ఎవరో ఒకరి కారుకు ఉన్నవేనని పక్కన పెట్టేసి, వాళ్ల తాతగారి పాత మోటారుబోటు నుంచి ఊడిన అరచేతి వెడల్పు పెచ్చును పెట్టెలో పెట్టి పంపి, తనకు ఈ రంగే కావాలన్నారు. మా వైపు చీరల కొట్లలో దాన్ని నెమలికంఠం అంటారు. ఎదురుగా నిలబడి చూస్తే నీలం, పక్కకు ఒరిగి చూస్తే పచ్చ. ఆ ముచ్చట తీర్చుకోవడానికి ఆయన అదనంగా కట్టిన సొమ్ముతో మామూలు మనిషి ఒక చిన్న కారు కొనుక్కుని పెట్రోలు కూడా పోయించుకోవచ్చు. లోకంలో ఇంకే కారుకూ లేని రంగు తన కారుకు ఉండాలన్నది ఆయన కోరిక. తమరు ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ కారు ఫెండరుకు కూడా లేని రంగుతో వేంచేశారు.

ఇటువంటి ముచ్చట్లు తీర్చడానికి పేరున్న కంపెనీలన్నీ ప్రత్యేక విభాగాలు నడుపుతున్నాయి. పోర్షే వారు దాన్ని పెయింట్ టు శాంపిల్ అంటారు, ఫెరారీ వారు టైలర్ మేడ్ అంటారు, లంబోర్ఘిని వారు యాడ్ పర్సోనమ్ అంటారు, ఆస్టన్ మార్టిన్ వారు క్యూ అనే ఒక్క అక్షరంతో సరిపెట్టారు. నేను పనిచేసే ఫ్యాక్టరీ పేరు మాత్రం ఇక్కడ రాయను. ప్రతి నెలా జీతం వచ్చేది అక్కడి నుంచే.

తమరి పెంపకం గురించి తెలిసినవాడిని కనుక తప్పంతా తమరి నెత్తిన రుద్దలేను. బాడీని ప్రైమరు తొట్టిలో నిలువునా ముంచి, విద్యుత్తుతో ఆ ప్రైమరును మూలమూలకూ పట్టించి, 160 నుంచి 180 డిగ్రీల ఓవెనులో కాలుస్తారు. తమరు ప్లాస్టిక్కు. ఆ ఓవెనులో కాసేపు కూర్చుంటే నూనెలో పడ్డ అప్పడంలా మెలితిరిగిపోతారు. అందుచేత తమరి అలంకారం వేరే కప్పు కింద, వేరే చేతుల మీదుగా, 80 డిగ్రీల అటూ ఇటూ వేడిలో, చిన్న దెబ్బ తగిలితే పగలకుండా వంగే గుణమున్న, రంగు మీద పూసే వేరే పారదర్శక క్లియర్‌కోటుతో జరుగుతుంది. రంగు డబ్బా మాత్రం ఇద్దరికీ ఒకటేనని అందరూ ఒట్టు వేసి చెబుతారు, డబ్బా మీద నంబరు కూడా చూపిస్తారు. ఒకే బస్తాలోని బియ్యాన్ని ఒక ఇంట్లో కుక్కరులోనూ ఇంకో ఇంట్లో కట్టెల పొయ్యి మీదా వండి, రెండు అన్నాలూ ఒక్కలా లేవేమిటని ముక్కున వేలేసుకున్నట్టు ఉంటుంది వారి ఆశ్చర్యం.

డబ్బా ఒకటే అయినా రంగు ఒకటి కాకపోవడానికి కారణం ఆ డబ్బాలోని రేకులు. నెమలికంఠానికి ప్రాణం పోసే రంగు పొర అయిన బేస్‌కోటు మందం పదిహేను మైక్రాన్ల అటూ ఇటూ ఉంటుంది, అంటే తల వెంట్రుక మందంలో నాలుగో వంతు కూడా ఉండకపోవచ్చు. అంత పలుచని పొరలో లెక్కకు అందనన్ని అల్యూమినియం రేకులు ఉంటాయి. అవి చాప పరిచినట్టు పడుకుంటే ఎదురుగా చూసేవారికి రంగు ధగధగలాడుతుంది. తలోదిక్కు తిరిగి నిలబడితే అదే రంగు మసకబారుతుంది. రంగు కాస్త పొడిగా పడితే రేకులు బుద్ధిగా పడుకుంటాయి, తడిగా పడితే కదిలి ఇష్టం వచ్చినట్టు ఒత్తిగిలుతాయి. బాడీ లోహం, పైగా ఎర్తు తీగతో నేలకు కలిపి ఉంటుంది. నిమిషానికి వేల చుట్లు తిరిగే గంట ఆకారపు రోబో ముక్కు నుంచి వేల వోల్టులు నింపుకుని వచ్చే తుంపర దాని మీదికి తనంతట తానే పోయి అతుక్కుంటుంది. తమరి ఒంటికి విద్యుత్తు గిట్టదు కనుక ముందు కరెంటు పారే ప్రైమరు ఒకటి పూసి తమరిని బతిమాలాలి, లేదా ఒక మనిషి చేతి గన్ను పట్టుకుని భుజం ఊపుతూ వేయాలి. ఒక్క కారు కోసం రోబోకు కొత్తగా పాఠం చెప్పడం దండగని తేలినప్పుడు ఆ భుజమే దిక్కు. సోమవారం పొద్దున ఉన్న ఊపు శుక్రవారం సాయంత్రం ఆ భుజానికి ఉండాలని శాసించే అధికారం మా ఫ్యాక్టరీలో ఎవరికీ లేదు.

నాకు ఎంతకూ మింగుడుపడని సంగతి ఇంకొకటి ఉన్నది. వీధి చివర నిలబడే తెల్ల ట్యాక్సీ బంపరు తన ఫెండరుతో చక్కగా కలిసిపోతుంది. దాన్ని నడిపేవాడు రంగు గురించి ఒక్క పైసా అదనంగా కట్టి ఉండడు. ఆ తెలుపు రోజుకు వందల బాడీల మీద పడుతుంది, తప్పులన్నీ ఎప్పుడో జరిగిపోయాయి, దిద్దుబాట్లూ అయిపోయాయి. తమరి నెమలికంఠానికి సాధన చేసుకోవడానికి కారు లేదు. ఉన్నది ఒక్కటే కారు, అదీ అమ్ముడుపోయింది. ఎంత ఎక్కువ కడితే అంత అరుదైన రంగు, ఎంత అరుదైన రంగయితే అంత తక్కువ అనుభవం. ఈ లెక్కను రసీదు మీద అచ్చు వేయడం మా వాళ్లు మరిచిపోయారు. 1953లో షెవర్లే వారి స్పోర్ట్స్ కార్లయిన కార్వెట్లు తొలి ఏడాది 300 తయారైతే అన్నీ పోలో వైట్ రంగువే, లోపలి సీట్లన్నీ ఎరుపే. ఒళ్లంతా ఫైబర్‌గ్లాసు అయినా, ఒక కారు తలుపు ఇంకో కారుకు బిగించినా అడిగేవాడు ఉండేవాడు కాదు. వారిని మా అమ్మకాల విభాగం వారు ఊహ లేనివారని అనుకుంటారు. నేను చేతులెత్తి మొక్కుతాను.

ఇక తమరు నా బల్ల మీదికి వచ్చిన రోజు. అయిదు కోణాల నుంచి రంగును చదివే పరికరాన్ని తమరి బుగ్గకూ ఫెండరు బుగ్గకూ ఆనించాను. రెండు రంగుల మధ్య దూరాన్ని మా భాషలో డెల్టా ఇ అంటారు. 1976లో అంతర్జాతీయ వెలుగుల సంఘం వారు ఖాయం చేసిన కొలతను ఆ తర్వాత మెరుగు పరుస్తూ వచ్చారు. అది ఒకటికి అటూ ఇటూ ఉన్నప్పుడు కంటికి తేడా తెలియడం మొదలవుతుంది. 45 డిగ్రీల దగ్గర తమరి అంకె 0.7. నేను సంతోషించాను. 15 డిగ్రీల దగ్గర 2.4. నేను పై అధికారిని పిలిచాను. ఆయన అయిదు అంకెలూ కూడి, అయిదుతో భాగించి, వచ్చినదాని పక్కన పచ్చ ముద్ర వేసి, కాఫీకి వెళ్లారు. పరికరం చదివిన అయిదు కోణాల్లో ఏ ఒక్కదాని నుంచీ ఆ సగటు రంగు ఎవరికీ కనిపించదు.

మా అమ్మ చీర మీదికి జాకెట్టు గుడ్డ కోసం మ్యాచింగ్ సెంటరుకు వెళ్తే ట్యూబులైటును ఏనాడూ నమ్మేది కాదు. కొట్టువాడు "అచ్చం అదే రంగమ్మా" అంటున్నా వినకుండా చీర చెంగునూ గుడ్డ ముక్కనూ కలిపి పట్టుకుని గుమ్మం దాటి ఎండలోకి వెళ్లి, ఒకసారి ఎదురుగా, ఒకసారి ఏటవాలుగా పట్టి చూసి, "కాదు బాబూ, ఇది వేరు" అని వెనక్కి ఇచ్చేది. ఆ రెండు నిమిషాల పనిని మేము ఇక్కడ లక్షలు పోసి కట్టిన గదిలో, 6500 కెల్విన్ల పగటి దీపం ఒకటీ పసుపు వెలుగు ఇచ్చే ఇంటి దీపం ఒకటీ మార్చి మార్చి వెలిగించి చేస్తాము. ఒక దీపం కింద కలిసిన రంగులు మరో దీపం కింద విడిపోతాయన్నది మాకు శాస్త్రం, ఆమెకు కొట్టువాడి మోసం.

పెద్దమనిషి కారు తీసుకోవడానికి వచ్చేసరికి పొద్దు వాలింది. ఆవరణలో సగం ఆకాశపు వెలుగు, సగం పసుపు దీపాలు. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, తమరి ఎదుట గొంతుక్కూర్చుని, తమరికీ ఫెండరుకూ నడుమ ఉన్న సన్నని సందు మీద చూపుడు వేలు పెట్టి పైనుంచి కిందికి నెమ్మదిగా జరిపారు. వేలికి ఒక పక్క నీలం, ఇంకో పక్క బూడిద కలిసిన పచ్చ. ఆయన కేకలు వేయలేదు. "ఈ రెండింటిలో నేను డబ్బు కట్టింది దేనికండీ?" అని మాత్రం అడిగారు. పచ్చ ముద్ర వేసిన అధికారి, నిర్ణీత పరిమితికి లోబడి ఉన్నదనీ, ప్లాస్టిక్కుకూ లోహానికీ ఈ మాత్రం సహజమనీ, అయినా దీపాలు ఆర్పితే బాగా కలుస్తుందనీ చెప్పారు. చివరి మాట నిజమే.

ఆ మర్నాటి సమావేశంలో రంగు కంపెనీ వారు గన్నును, గన్ను వారు గాలిలోని తేమను, తేమ చూసుకునే వారు తమరిని తప్పుపట్టారు. తమరు ప్లాస్టిక్కు కనుక జవాబు చెప్పుకోలేదు. నేను మాత్రం ఒక సలహా ఇచ్చాను. 1995లో ఫోక్స్‌వాగన్ వారు ఎరుపు, పసుపు, పచ్చ, నీలం భాగాలను ఒకే కారుకు బిగించి, దానికి పోలో హార్లెకిన్ అని పేరు పెట్టి, తలుపు ఒక రంగు బానెట్ ఒక రంగుగా మూడు వేలకు పైగా అమ్ముకున్నారు; ఆ కార్లు ఇప్పుడు ముద్దుగా దాచుకునే వస్తువులు. మనమూ తమరిని 'స్వతంత్ర బంపరు' అనే పేరుతో అదనపు ఖరీదుకు పట్టికలో చేర్చితే ఫిర్యాదు కాస్తా కోరికగా మారుతుందని చెప్పాను. అందరూ నవ్వారు. అమ్మకాల విభాగం ఆయన నవ్వకుండా కాగితం మీద రాసుకున్నారు.

అంతవరకూ తమరు మూడోసారి రంగుకు వెళ్లక తప్పదు. ఈసారి ఫెండరును కొలిచి, ఆ అంకెలకు తగ్గట్టు డబ్బాలో నీలం రెండు చుక్కలు పెంచుతారట. అంటే తమరు తాతగారి బోటు రంగును కాక, ఆ బోటును అనుకరించిన ఫెండరును అనుకరిస్తారన్నమాట. తిరిగి వచ్చేటప్పుడు దయచేసి పగటిపూట రండి.

ఇట్లు,
తమరి ఎడమ బుగ్గ కోసం కళ్లు కాయలు కాచిన
లైట్ బూత్ ఉద్యోగి

తా.క.: సైడు అద్దాల తొడుగులు రేపు వస్తున్నాయి. ఎడమది పోయిన వారం వేశారట, కుడిది నిన్న వేశారట. పెట్రోలు మూత సంగతి ఇంతవరకు ఎవరికీ గుర్తు రాలేదు.