వాడపల్లి బ్రిడ్జి గుర్తొచ్చింది

పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురి అంటే డార్జిలింగ్ పోయేవాళ్లు బండి మారే ఊరే అని కొందరు అంటుంటారు. నేను ఒప్పుకోను. మాది మిర్యాలగూడ. మొన్న చలికాలం మా బావతో కలిసి అక్కడ రెండు రోజులున్నాం. హాంకాంగ్ మార్కెట్‌లో ఒకే కొట్టు ముందు బెంగాలీ, నేపాలీ, హిందీ కలిపి బేరాలు. బావ వచ్చీరాని హిందీలో స్వెట్టర్ సగం ధరకు అడిగితే కొట్టామె నవ్వి ఇచ్చేసింది (అంటే అప్పటికీ ఎక్కువే ఇచ్చామన్నమాట!).

సిలిగురికి దగ్గర్లోని సరిహద్దు ఊరు పానీటంకీలో మేచీ నది వంతెన దాటితే నేపాల్. మన వాడపల్లి దగ్గర కృష్ణ దాటి ఆంధ్రాలోని పొందుగుల పోయినట్టే జనం సంచులతో అటూఇటూ నడుస్తున్నారు. అవతల టీకొట్టు గడియారం 15 నిమిషాలు ముందుంది. పాడైందేమో అనుకున్నాం, నేపాల్ టైమే అంతేనట. అన్నం మాత్రం మన సన్నబియ్యంలా లేదు, మోమోలతో సరిపెట్టుకున్నాం.