తనకు తానే ఇచ్చుకున్న దానం

2016 ఆగస్టులో, అమెరికా అధ్యక్ష ఎన్నికల వేడి మధ్య, క్లింటన్ దంపతులు తమ 2015 ఆదాయపు పన్ను పత్రాలు విడుదల చేశారు. ఆదాయం సుమారు కోటీ ఆరు లక్షల డాలర్లు. దానధర్మాల కింద చూపినది 10 లక్షల 42 వేల డాలర్లు. అంటే సంపాదనలో దాదాపు పదో వంతు! బాగుంది. మరి ఆ 10 లక్షల 42 వేలలో 10 లక్షలు ఎవరికి వెళ్ళాయి? క్లింటన్ ఫ్యామిలీ ఫౌండేషన్‌కు, అంటే ఆ దంపతులు తామే నడిపే సొంత ధర్మసంస్థకు. మిగతా 42 వేలు ఒక గోల్ఫ్ టోర్నమెంటు నడిపే స్వచ్ఛంద సంస్థకు.

ఆ వార్త చదివి చాలాసేపు నవ్వుకున్నాను. తర్వాత నవ్వు పోయి చిరాకు మిగిలింది. ఇన్నేళ్ళయినా ఆ చిరాకు తగ్గలేదు కాబట్టే ఈ రాత.

ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదని ముందే ఒప్పుకుంటాను. ఆ ఫ్యామిలీ ఫౌండేషన్ డబ్బు మీద కూర్చోలేదు కూడా, ఏటా ఇతర సంస్థలకు పంచుతూనే వచ్చింది. (విదేశీ ప్రభుత్వాల విరాళాల విషయంలో పెద్ద గొడవ జరిగిన క్లింటన్ ఫౌండేషన్ వేరు, ఇది వేరు. రెంటినీ కలిపి తిట్టేవాళ్ళతో వాదించే ఓపిక నాకు లేదు. కాకపోతే, ఈ చిన్న ఫౌండేషన్ నుంచి డబ్బు అందుకున్న సంస్థల్లో ఆ పెద్ద ఫౌండేషన్ కూడా ఉంది.) నా గొడవ అంతా 'ఇచ్చాం' అన్న ఒక్క మాటతోనే.

కర్ణుడి కథ తెలియనిది ఎవరికి? తలకు నూనె రాసుకుంటున్న వేళ కృష్ణుడు వచ్చి బంగారు గిన్నె అడిగాడు. ఎడమ చేతిలో ఉన్నదాన్ని కర్ణుడు ఎడమ చేత్తోనే ఇచ్చేశాడు. అదేమిటయ్యా ఎడమ చేతి దానం అంటే, కుడి చేతికి మార్చుకునేలోపు మనసు మారవచ్చు కదా అన్నాడు. ఫ్యామిలీ ఫౌండేషన్ అంటే ఆ గిన్నెను ఎడమ చేతి నుంచి కుడి చేతికి మార్చుకుని, దానం చేసేసినట్లు రసీదు రాయించుకోవడం. ఎవరికి ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి, ఈ ఏడాది ఎంత ఇవ్వాలి అన్నవి తర్వాత తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. రసీదు మాత్రం ఈ రోజు తేదీతోనే.

ఆ రసీదు విలువ ఎంతో లెక్క వేసి చూడండి. ఒక నాయకుడి దగ్గర ఎప్పుడో 10 లక్షల డాలర్లకు కొన్న షేర్లు ఉన్నాయనుకుందాం. ఇప్పుడు వాటి ధర కోటి డాలర్లు. అమ్ముకుంటే 90 లక్షల లాభం మీద 20 శాతం పన్ను, దానిపైన మరో 3.8 శాతం కట్టాలి. వెరసి 21 లక్షలకు పైమాటే. అవే షేర్లను సొంత ఫౌండేషన్‌కు రాసిస్తే ఆ పన్ను ఊసే ఉండదు. పైగా అవి స్టాక్ మార్కెట్లో అమ్ముడయ్యే షేర్లయితే, కొన్న ధరకు కాదు, నేటి ధర కోటికీ ఆదాయంలోంచి మినహాయింపు. ఒక ఏడాదిలో ఆదాయంలో 20 శాతానికి మించి వాడుకోకూడదన్న పరిమితి ఉంది గాని, మిగిలినదాన్ని మరో ఐదేళ్ళు వాడుకోవచ్చు. పై శ్లాబులో ఉన్నవారికి ఆ మినహాయింపు వల్ల మిగిలేది కోటిలో మూడో వంతుకు పైనే. రెండూ కలిపితే, ఆ 'దానం'లో సగానికి మించిన భారాన్ని ప్రభుత్వ ఖజానా మోసింది. అంటే, ఏ ఫౌండేషనూ లేకుండా జీతంలోంచి పన్ను కోయించుకునే మామూలు జనం మోశారు. శిలాఫలకం మీద మాత్రం వాళ్ళ పేరు ఉండదు.

మరి ఆ కోటి డాలర్లు ప్రజలకు ఎప్పుడు చేరాలి? ఇక్కడే అసలు తమాషా. ఫౌండేషన్ ఏటా తన ఆస్తుల్లో సుమారు 5 శాతం ధర్మకార్యాలకు ఖర్చు చేస్తే చాలు. ఆ ఐదుకు కూడా మరుసటి ఏడాది చివరిదాకా గడువు ఉంటుంది. అందులోనే ఆఫీసు ఖర్చులూ, సమంజసమైన జీతాలూ కలిసిపోతాయి. జీతం తీసుకునేది కొడుకైనా కోడలైనా, చేసిన పనికి తగినదేనని చూపగలిగితే చట్టం కాదనదు. అంతకన్నా సులువు దారి కూడా ఉంది. దాత సలహా మీద నడిచే ఫండ్లు అని కొన్ని ఉన్నాయి, డబ్బు అందులో వేసి ఎవరికి, ఎప్పుడు ఇవ్వాలో దాత తర్వాత సలహా ఇస్తుంటాడు. ఏటా ఇంత పంచాలన్న నియమం వాటికి అసలు లేదు. ఫౌండేషన్ తన 5 శాతాన్ని అలాంటి ఫండులో వేసినా ఇచ్చినట్లే లెక్క. గిన్నె మళ్ళీ ఎడమ చేతికి వచ్చింది, చూశారా?

మినహాయింపు మొత్తం దాతకు మొదటి కొన్నేళ్ళలోనే ముడుతుంది. ప్రజలకు చేరేది ఏడాదికి ఇరవయ్యో వంతు. మార్కెట్ బాగుంటే పంచినదానికన్నా పెరిగిందే ఎక్కువ కావచ్చు, అప్పుడు అసలుకు ఎప్పటికీ ఢోకా లేదు. పుణ్యం, పురుషార్థం అంటే ఇదేనేమో.

ఈ నిబంధనలు ఊరికే రాలేదు. 1960లలో టెక్సస్‌కు చెందిన కాంగ్రెస్ సభ్యుడు రైట్ ప్యాట్‌మన్ ఫౌండేషన్ల లెక్కలన్నీ తవ్వి తీశాక, 1969లో పన్ను సంస్కరణల చట్టం వచ్చింది. ఫౌండేషన్‌కూ దాత కుటుంబానికీ మధ్య కొనడం, అమ్మడం, అప్పులు నిషేధించారు. రాజకీయ ప్రచారాలకు డబ్బు ఇవ్వకూడదన్నారు. ఏటా కనీసం ఇంత పంచాలన్నారు. దారి మంచిదే. కానీ ఆ కనీసాన్ని 1976లో 5 శాతానికి దించారు, 1981లో ఇంకొంత సడలించారు. నేల కావలసిన 5 శాతం, చాలామందికి పైకప్పు అయి కూర్చుంది.

వ్యాపారి సొంత ఫౌండేషన్ పెట్టుకుంటే నాకు ఇంత కోపం రాదు. అతను నా ఓటు అడగడు. రాజకీయ నాయకుడు అడుగుతాడు, అడిగేటప్పుడు తన దాతృత్వాన్ని కూడా పళ్ళెంలో పెట్టి చూపిస్తాడు. అందుకే అతని ఫౌండేషన్ ఇచ్చే ప్రతి చెక్కులోనూ రెండో అర్థం ఒకటి ఉంటుంది. ఆ రెండో అర్థం ఎంత దూరం వెళ్ళగలదో తెలియాలంటే డొనాల్డ్ ట్రంప్ ఫౌండేషన్ చరిత్ర చూడాలి.

ట్రంప్ దాన్ని 1980ల చివర్లో పెట్టారు. 2008 తర్వాత తన జేబులోంచి అందులో పైసా వేయలేదు. ఆ తర్వాత ఇచ్చిందంతా ఇతరుల డబ్బు, చెక్కు మీద పేరు మాత్రం ఆయనది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లు అంటే అచ్చంగా ఇదే. 1989లో ఆ ఫౌండేషన్ ఇచ్చిన ఒక విరాళం 7 డాలర్లు, బాయ్ స్కౌట్స్‌కు. ఒక పిల్లవాణ్ణి స్కౌట్స్‌లో చేర్చడానికి అప్పట్లో అయ్యే రుసుము కూడా అంతే. అదే ఏడాది ఇచ్చిన అతిపెద్ద విరాళం 2,64,631 డాలర్లు, న్యూయార్క్ ప్లాజా హోటల్ ముందున్న ఫౌంటెన్ మరమ్మతుకు. ఆ హోటల్‌కు అప్పటి యజమాని ఎవరో చెప్పనక్కరలేదనుకుంటాను.

ఫ్లోరిడాలో ట్రంప్‌కు ఉన్న మార్-ఎ-లాగో క్లబ్బులో 80 అడుగుల జెండా కర్ర పాతారు. పామ్ బీచ్ పట్టణ నిబంధనల ప్రకారం 42 అడుగులు దాటకూడదు. జరిమానాలు 1,20,000 డాలర్లకు చేరాయి, వ్యాజ్యం నడిచింది. చివరికి రాజీ కుదిరింది: జరిమానా మాఫీ, బదులుగా మాజీ సైనికుల సంస్థకు క్లబ్బు లక్ష డాలర్లు ఇవ్వాలి. 2007లో చెక్కు వెళ్ళింది. క్లబ్బు ఖాతా నుంచి కాదు, ఫౌండేషన్ ఖాతా నుంచి! పేదల కోసమని పెట్టిన డబ్బు వ్యాపారం చేసిన తప్పుకు జరిమానా కట్టింది. ఒక వేలంలో కొన్న ట్రంప్ నిలువెత్తు చిత్రపటానికీ ఫౌండేషన్ డబ్బే, 20 వేల డాలర్లు. మరో 10 వేలకు కొన్న ఇంకో పటం ఆయన రిసార్టులోని బార్ గోడ మీద తేలింది. 2013లో ఫ్లోరిడా అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రధాన న్యాయాధికారి) పామ్ బాండీకి మద్దతిచ్చే రాజకీయ సంస్థకు 25 వేలు వెళ్ళాయి, దానికి తర్వాత 2,500 డాలర్ల జరిమానా పన్ను కట్టారు.

2016 జనవరి 28న ఆయన తన పార్టీ అభ్యర్థుల టీవీ చర్చకు వెళ్ళకుండా, అయోవా రాష్ట్రంలోని డె మోయిన్‌లో మాజీ సైనికుల కోసమంటూ విరాళాల సభ పెట్టారు. అందులో సుమారు 28 లక్షల డాలర్లు ఫౌండేషన్‌లోకి వచ్చాయి. ఎవరికి ఎంత, ఎప్పుడు, ఏ సభలో ఇవ్వాలన్నది ఎన్నికల ప్రచార బృందం తేల్చింది. పార్టీ అభ్యర్థి ఎంపిక కోసం అయోవాలో జరిగే ఓటింగ్ ముందు, సభల్లో మనిషంత పెద్ద నమూనా చెక్కులు పంచారు. వాటి మీద ప్రచార నినాదం అచ్చు వేసి ఉంది. డబ్బు చివరికి సైనికులకే చేరింది, నిజమే. కానీ ఓటరు ముందు చెక్కు ఊపిన చేయి ఎవరిది? ఆ చెక్కులో ఉన్న డబ్బు ఎవరిది?

2018లో న్యూయార్క్ అటార్నీ జనరల్ దావా వేశారు. విచారణలో తేలిందేమిటంటే, బోర్డు 1999 తర్వాత సమావేశం కాలేదు. సుమారు 19 ఏళ్ళు! ట్రంప్ సంస్థ ఆర్థిక వ్యవహారాలు చూసే అధికారికి తాను ఆ బోర్డులో ఉన్న సంగతే తెలియదు. బోర్డులోని మిగతావారు ట్రంప్, ఆయన పిల్లలు. 2019 నవంబరులో కోర్టు ట్రంప్‌ను 20 లక్షల డాలర్లు చెల్లించమంది. ఫౌండేషన్ మూతపడింది, మిగిలిన సుమారు 17 లక్షల 80 వేలు కూడా స్వచ్ఛంద సంస్థలకు పంచారు. బోర్డులో ఉన్న ముగ్గురు పిల్లలూ ధర్మసంస్థలను ఎలా నడపాలో శిక్షణ తీసుకోవలసి వచ్చింది. ఈ చివరి ముక్క గుర్తొచ్చినప్పుడల్లా నాకు మళ్ళీ నవ్వు వస్తుంది.

"క్లింటన్లనూ ట్రంప్‌నూ ఒకే గాటన కట్టేస్తావా?" అని మీరు అడగవచ్చు. కట్టను. ఒకటి చట్టం లోపల జరిగింది, ఇంకోటి చట్టాన్ని తొక్కుకుంటూ జరిగింది. కానీ రెంటికీ పునాది ఒకటే: ఇచ్చాను అంటూనే పట్టు వదలకపోవడం. పట్టు వదలకపోతే, ఒకరు దాన్ని పద్ధతిగా వాడుకుంటారు, మరొకరు జెండా కర్రకు వాడుకుంటారు. ఏ నాయకుడు ఏ రకమో ముందే కనిపెట్టే యంత్రం మన దగ్గర లేదు.

పట్టు వదలడం సాధ్యమే. బరాక్ ఒబామాకు 2009 నోబెల్ శాంతి బహుమతితో వచ్చిన 14 లక్షల డాలర్లను 2010లో పది సంస్థలకు నేరుగా పంచేశారు. అన్నింటికన్నా పెద్ద మొత్తం, రెండున్నర లక్షలు, గాయపడిన సైనికుల కుటుంబాలకు ఆసుపత్రుల దగ్గర బస కల్పించే ఫిషర్ హౌస్‌కు. విచిత్రమేమిటంటే, జెండా కర్ర లక్ష డాలర్లు వెళ్ళింది కూడా ఆ సంస్థకే. ఫిషర్ హౌస్‌కు రెండు చెక్కులూ చెల్లాయి, అక్కడ బస చేసిన కుటుంబానికి రెంటికీ తేడా తెలియదు. తెలియనక్కరలేదు కూడా. ఆ తేడా తెలియవలసింది ఓటు వేసేవాడికి.

పన్ను పత్రాల్లోని దానం అంకె నాయకుడి చేతిలో మైనపు ముద్ద. 2012లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన మిట్ రామ్నీ, ఆయన భార్య 2011లో 40 లక్షల డాలర్లు దానం చేసి, సుమారు 22 లక్షల 50 వేలకే మినహాయింపు తీసుకున్నారు. ఎందుకు? పూర్తిగా తీసుకుంటే పన్ను శాతం మరీ తగ్గిపోయి, 13 శాతానికి తగ్గకుండా కడుతున్నానన్న ఆయన మాట పోతుంది! ఎన్నికల కోసం దానాన్ని తక్కువ చేసి చూపినవాడిని కూడా చూశాం కాబట్టి, ఎక్కువ చేసి చూపేవాళ్ళ గురించి ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు.

"ఏదో ఒకటి ఇస్తున్నారు కదా, అదీ మానేస్తే ఎలా?" అనేవాళ్ళకు నా జవాబు: మానమనడం లేదు. మినహాయింపును డబ్బు కుటుంబం పట్టు దాటి, నిజంగా పని చేసే సంస్థకు చేరిన రోజున ఇవ్వండి. ఫౌండేషన్‌లో ఉన్నంతకాలం అది వాగ్దానమే, వాగ్దానానికి పన్ను తగ్గింపు ఎందుకు? పదవిలో ఉన్నవారూ, పదవికి పోటీ చేసేవారూ తమ ఫౌండేషన్ పగ్గాలు బయటివారికి అప్పగించాలి. బావమరిదికి కాదు, బయటివారికి.

ఇది చట్టం అవుతుందన్న ఆశ నాకేమీ లేదు. ఆ చట్టం చేయవలసినవాళ్ళలో ఎందరికి సొంత ఫౌండేషన్లు ఉన్నాయో మరి! నేను చేయగలిగింది నేను చేస్తాను. అమెరికాలో ప్రతి ప్రైవేటు ఫౌండేషనూ ఏటా 990-పీఎఫ్ అనే పత్రం దాఖలు చేయాలి, దాన్ని ఎవరైనా చూడవచ్చు. ఎవరికి ఎంత ఇచ్చిందీ అందులో పేరు పేరునా ఉంటుంది. మళ్ళీ ఎన్నికలు వచ్చి, ఎవరో ఒకరు ఆదాయంలో ఇంత శాతం దానం చేశామని ప్రకటించినప్పుడు, నేను ముందు ఆ జాబితా తెరుస్తాను. బయటికి వెళ్ళిన డాలర్లు కూడుకుని, శాతం నా అంతట నేనే కట్టుకుంటాను.