గీజర్ బిగించిన కుర్రాడు

భోగి నాడు తెల్లవారుజామున అయిదింటికి మా బావగారు తల నిండా నువ్వుల నూనె, ఒంటి నిండా నలుగుపిండితో బాత్‌రూమ్‌లోకి వెళ్ళారు. అయిదూ పదికి లోపల్నుంచి ఒక కేక వినిపించింది. వీధిలో భోగిమంట చుట్టూ చేరిన పిల్లలు కూడా ఒక్క క్షణం ఆగి మా ఇంటి వైపు చూశారు.

కాకినాడ నుంచి వచ్చిన అల్లుడు. అసలే మా విజయనగరం చలికి ఆయనకి రెండు దుప్పట్లు చాలవు. తలకి కుంకుడు రసం పట్టించి కళ్ళు మూసుకుని మగ్గు పోసుకున్నారట, అయిదు మగ్గులు బ్రహ్మాండంగా వచ్చాయట, ఆరోది గోరువెచ్చగా, ఏడోది నేరుగా పెద్దచెరువులోంచి తోడి తెచ్చినట్టు. కళ్ళలో కుంకుడు రసం, ఒంటి మీద పెద్దచెరువు. కేక వేయక ఏం చేస్తారు పాపం.

"ఏట్రా, అల్లుడుగారికి వేన్నీళ్ళు కూడా పెట్టలేమా?" అని అమ్మ నా వంక చూసింది. గీజర్‌ని ఒక మాటనడానికి మా అమ్మకి పదేళ్ళుగా అవకాశం రాలేదు.

మా బావగారు లెక్కల మాస్టారు, ఆ సంగతి ముందే చెప్పాల్సింది. టవల్ చుట్టుకుని వణుకుతూనే పాత క్యాలెండర్ వెనక్కి తిప్పి లెక్క మొదలెట్టారు. "నీ గీజర్ ఎంత?" "15 లీటర్లండీ." "కాయిల్?" "2000 వాట్లు." "నీళ్ళు 20 డిగ్రీల నుంచి 60కి వెళ్ళడానికి 21 నిమిషాలు. ఆ 15 లీటర్లకి 15 లీటర్ల చన్నీళ్ళు కలిపితే 40 డిగ్రీల నీళ్ళు 30 లీటర్లు. అంటే ఒకటిన్నర బకెట్ రావాలి. నాకు వచ్చింది అయిదు మగ్గులు. మిగతాది ఎక్కడికి పోయింది?" అని, హోమ్‌వర్క్ చేయని పిల్లాడిని అడిగినట్టు నన్ను అడిగారు. నాకు నిజంగానే గోడకి ఆనుకుని నిలబడాలనిపించింది.

ఇంక ఆ రోజంతా మా ఇంట్లో వేన్నీళ్ళ దొంగ కోసం దర్యాప్తు. అమ్మ అనుమానం మా ఆవిడ మీద, గిన్నెలు తోముతూ వేడి కుళాయి వదిలేసి ఉంటుందని. మా ఆవిడ అనుమానం మేడ మీద అద్దెకున్నవాళ్ళ మీద, కానీ వాళ్ళ లైను వేరు, పైగా వాళ్ళు మూడు రోజుల ముందే ఊరెళ్ళిపోయారు. అక్క మాత్రం 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ కొనుక్కోమని సలహా ఇచ్చి బొబ్బట్ల పని మీద వెళ్ళిపోయింది.

నా వంతుగా నేను వోల్టేజి అన్నాను. పండగ కదా, ఊరంతా హీటర్లు, మిక్సీలు, గ్రైండర్లు, వోల్టేజి పడిపోయుంటుంది అని. అనకుండా ఉండాల్సింది. బావగారు మళ్ళీ క్యాలెండర్ తీశారు. "230 ఉండాల్సింది 190కి పడితే వేడి మూడో వంతు తగ్గిపోతుందోయ్, వర్గం లెక్క కదా. 21 నిమిషాలది అరగంట పడుతుంది. అంటే ఆలస్యంగా కాగాలి గానీ, అయిదు మగ్గులకి చల్లారిపోకూడదు. పైగా..." అంటూ ఫ్రిజ్ స్టెబిలైజర్ దగ్గరికి తీసుకెళ్ళి చూపించారు. 226. పండగ పూట కూడా అంత నిక్కచ్చిగా ఉంటుందని నేనేం కలగన్నానా.

సరే అని థర్మోస్టాట్ నాబ్‌ని చివరిదాకా తిప్పాను. దానివల్ల ఒరిగిందేమిటంటే, బావగారికి రెండో ప్రయత్నంలో మొదటి మగ్గు చెయ్యి కాల్చింది, ఏడోది మళ్ళీ పెద్దచెరువే. మొదటిది కాలిందంటే గీజర్ కాస్తోంది. లైటు కూడా ఇరవై నిమిషాలకి ఠంచనుగా ఆరిపోతోంది, అంటే నీళ్ళు కాగినట్టే. బోరు నీళ్ళ సున్నం కాయిల్‌కి పట్టేసిందేమో అని మా ఆవిడ అంది. మంచి అనుమానమే, కానీ సున్నం పట్టినా కాగడానికి టైమ్ ఎక్కువ పట్టాలి గానీ, కాగిన నీళ్ళు మధ్యలో మాయం కావు కదా.

మెకానిక్‌కి ఫోన్ చేస్తే నవ్వాడు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, భోగికి మెకానిక్ కదులుతాడా? ముక్కనుమ వెళ్ళాక వస్తానన్నాడు.

ఈలోగా అమ్మ అటక మీంచి రాగి కాగు దింపించింది. దింపింది నేనే, నా నెత్తి మీద అరకిలో బూజు పడింది, అది వేరే సంగతి. కాగుకి చింతపండు పెట్టి తోమి, వీధిలో భోగిమంట మీదే నీళ్ళు పెట్టించింది. ఆ నీళ్ళతో బావగారు మూడో స్నానం చేసి, పొగ వాసనతో, ఎర్రటి కళ్ళతో, దివ్యంగా బయటికొచ్చారు. "అత్తయ్యగారూ, స్నానమంటే ఇదండీ" అన్నారు. అమ్మ నా వైపు చూడలేదు. చూడకపోవడమే ఎక్కువ బాధగా ఉంటుంది కొన్నిసార్లు. మిగిలిన పండగంతా ఆ కాగే. పెరట్లో కొబ్బరి మట్టలు తెచ్చి మంట పెట్టే ఉద్యోగం నాది, పొద్దున్న నాలుగింటి నుంచి డ్యూటీ.

ఇక్కడ మీకు ఒక విషయం చెప్పాలి. ఇంట్లో వాళ్ళకి చెప్పలేదు కాబట్టి మీకైనా చెప్పాలి. పండగకి పది రోజుల ముందు బాత్‌రూమ్‌కి రంగులు వేయించాం. గీజర్ గోడ మీంచి తీస్తేగానీ వెనకాల వేయలేనన్నాడు పెయింటర్. తీసి మళ్ళీ బిగించడానికి ప్లంబర్ 500 అడిగాడు. రెండు పైపులు విప్పి బిగించడానికి 500 ఏమిటని, ఫోన్‌లో ఒక వీడియో సగం చూసి, మెయిన్ ఆపి, నేనే విప్పాను. నేనే బిగించాను. తెల్ల టేపు కూడా మూడు చుట్లకి బదులు ఎనిమిది చుట్లు చుట్టాను, చుక్క నీరు కారలేదు. ఇంట్లో వాళ్ళు ప్లంబరు కుర్రాడొచ్చి బిగించి వెళ్ళాడనుకున్నారు, ఆ 500 నా జేబులో ఉండిపోయింది. (అనుకున్నారు అంటే, నేనే చెప్పాను.)

అయితే గీజర్ కింద రెండు మూతుల చుట్టూ ఎర్రదొకటి, నీలందొకటి ప్లాస్టిక్ వాచర్లుంటాయి. ఎర్రది వేన్నీళ్ళు, నీలంది చన్నీళ్ళు. గీజర్ నేల మీద ఉన్న రెండు రోజుల్లో మా గుంటడు వాటిని పీకి ఉంగరాలుగా పెట్టుకుని తిరిగాడు. వాడి వేళ్ళ మీంచి లాక్కుని, ఏది ఎక్కడుందో ఒక అంచనా వేసి తొడిగేశాను. నీలం రంగు చూసుకుని సేఫ్టీ వాల్వ్ కూడా అటే బిగించాను. తప్పు పడడానికి యాభై శాతం, పడకపోవడానికి యాభై శాతం. బావగారైతే ఆ లెక్క కూడా క్యాలెండర్ మీద వేసేవారు.

ముక్కనుమ మర్నాడు మెకానిక్ వచ్చాడు. సంచీ కూడా దించలేదు. తల పైకెత్తి చూశాడు, లోపలికి వెళ్ళే గొట్టాన్ని వేలితో కొట్టాడు.

"ఇది ఎవులు బిగించారు బాబూ?"

"ఎవరో... కుర్రాడు" అన్నాను.

"ఆ కుర్రాడు తల్లకిందులుగా బిగించాడు. సన్నీళ్ళు అడుగునుంచి ఎక్కాల, వేడి పైకి తేలతాది కదా, పైనున్న గొట్టంలోంచి అది బయటికి రావాల. ఈడు సన్నీళ్ళు తీసుకెళ్ళి నెత్తి మీద పోస్తన్నాడు, వచ్చీది అడుగు నుంచి. పాలల్లో నీళ్ళు పోసినట్టు మొత్తం కలిసిపోద్ది. పైగా ఏదో రోజు నీళ్ళు రాకపోతే ట్యాంకు అడుక్కంటా కారిపోయి, కాయిల్ ఎండి మాడిపోను. ఏ బుర్ర లేనోడు బాబూ ఆడు?"

నేను సీరియస్‌గా తల ఊపాను. వాడు పైపులు మార్చినంతసేపూ ఆ కుర్రాడి తెలివితేటల గురించి, వాడికి పని నేర్పినవాడి గురించి వివరంగా మాట్లాడుతూనే ఉన్నాడు, నేను "అవును మరి", "రోజులు అలా ఉన్నాయి" అంటూనే ఉన్నాను. బావగారు వెంటనే లోపలికి దూరి 30 లీటర్లు కొలుచుకుని మరీ స్నానం చేశారు, లెక్క సరిపోయిందన్నారు.

వాచర్లని మా గుంటడు ఉంగరాలు చేసుకున్న సంగతి, నేను వాడితో వాటి కోసం అరగంట కుస్తీ పట్టిన సంగతి మా ఆవిడకి తెలుసు. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా వింటోంది. ఎందుకైనా మంచిదని ఒట్టు వేద్దామనుకున్నాను గానీ, మా ఊరి దేవత పైడితల్లమ్మ గుడి మూడు లాంతర్ల సెంటర్ దగ్గరే ఉంది, మా ఇంటికి మరీ దగ్గర.

మెకానిక్ 300 తీసుకుని గుమ్మం దాటుతూ ఆగాడు. "ఆ కుర్రోడు ఎప్పుడైనా కనబడితే ఓ పాలి నా దగ్గరికి పంపండమ్మా. రెండు రోజులు కూడా తిప్పుకుని పని నేర్పుతాను, బతుకుతాడు."

"తప్పకుండా బాబూ" అంది మా ఆవిడ నా వైపు చూడకుండా, "రేపు పొద్దున్నే టిఫిన్ పెట్టి పంపిస్తాను."