రాళ్లు లేని మూల
అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఉన్న లోన్ ఫర్ శ్మశానవాటికను పటం చేతపట్టుకుని గంటలో చూసి రావచ్చని ఒక వ్యాసంలో చదివాను. ఆ మాటతో నేను ఏకీభవించను. ప్రముఖుల సమాధులు చూస్తే చాలనుకుంటే గంట సరిపోతుంది. ఉద్యోగానికి ఈ ఊరు వచ్చిన కొత్తలో నేనూ అలాగే తిరిగాను. ఒకరి చేయి ఒకరు పట్టుకుని నిలబడ్డ, ఈ ఊరి తొలితరం వాసులైన స్టీఫెన్స్ దంపతుల శిల్పం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ రాతి వేళ్ల సందుల్లో నాచు పట్టి ఉంది. కానీ నైరుతి మూలనున్న 14వ బ్లాకులో నేను చూసినప్పుడు చదువుకోవడానికి పేర్లే లేవు, ఉన్నదంతా గడ్డే. చెమటోడ్చి ఈ ప్రాంతాన్ని నిలబెట్టిన చైనా కూలీలను అక్కడే పూడ్చారు. డాక్టర్ హాథార్న్ మానసిక చికిత్సాలయంలో చనిపోయిన రోగులనూ ఈ శ్మశానవాటికలోనే పూడ్చారు. 1948లో చైనీయుల అస్థికలను తవ్వి తీయించి, తర్వాత ఆ నేల మీదే కౌంటీ కార్యాలయ భవనం కట్టారు. 2007లో దాన్ని కూల్చేశారు. అయినా అస్థికలు ఇంకా అక్కడే మిగిలి ఉన్నాయని పరిశీలనలో తేలింది. పొట్ట చేతపట్టుకుని సముద్రాలు దాటి వచ్చినవాళ్లు, నాలాంటివాళ్లే! నడకను ఆ మూల నుంచే మొదలుపెట్టమని ఆ వ్యాసంలో రాసి ఉండాల్సింది.