తెరిచిన ఖాతాల లెక్క సరే, నడుస్తున్నవెన్ని?

మార్చి వచ్చిందంటే మా పాలమూరు దిక్కు బ్రాంచి పోస్టాఫీసుల్లో ఎవరికీ కంటి మీద కునుకుండదు. బడి దగ్గర ఆడపిల్లల పేరు మీద తెరిచే సుకన్య ఖాతాల మేళా, పంచాయతీ ఆఫీసు ముందట ఆర్డీ, అంటే నెలనెలా కట్టే పొదుపు మేళా, మధ్యలో గ్రామీణ తపాలా బీమా. నెలాఖరుకల్లా ఇన్ని ఖాతాలు కావాలని పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఫ్లెక్సీ ముందట నిలబడి ఫొటో, వాట్సాప్ గ్రూపులో పోస్టు. అయిపాయె.

మేళాల మీద నాకు కోపం లేదు. ఏప్రిల్ ఒకటి నుంచి ఆ ఖాతా మొహం ఎవరూ చూడరు, అదీ నా బాధ.

మొన్న మా గల్లీలో ఒకావిడ పాస్ పుస్తకం పట్టుకొచ్చి "ఇండ్ల ఎంతున్నయో జర చూడన్నా" అన్నది. బిడ్డ పేరు మీది సుకన్య ఖాతా. మొదటి పేజీలో నీలం పెన్నుతో ఒకే ఒక్క వరుస: 250 రూపాయలు, పక్కన గుండ్రటి తేదీ ముద్ర. మార్చి నెలాఖరు తేదీ. ఆ కింద అంతా ఖాళీ. ఆ 250 కూడా ఆమె కట్టింది కాదు. "పోస్టు సారే ఏసిండు. ఆధార్ కార్డు ఇయ్యమంటే ఇచ్చిన" అన్నది. ఏటా కనీసం 250 కట్టాలని, పదిహేనేండ్లు కట్టాలని ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. మూడేండ్లు తప్పింది. తప్పిన ఏడాదికి 250, మీద 50 జరిమానా, అంటే 900 కట్టాలి. ఈ ఏటిది 250 వేరే. కడితే ఖాతా మళ్ళీ లేస్తుంది, పెద్ద పనేం కాదు. కానీ ఆ సంగతి ఆమెకు నేను చెప్పాల్సి వచ్చింది. 8.2 శాతం వడ్డీ వచ్చే పథకం అది, ఊళ్ళో చిట్టీల వెంట పడేవాళ్ళకు అంతకంటే మంచి దారి ఎక్కడుంది?

పోనీ ఆ సారును తిడదామంటే నోరు రాదు. బీపీఎం, అంటే బ్రాంచి పోస్టుమాస్టరుది, రికార్డులో నాలుగు గంటల కొలువు, మొదట్లో నెలకు 12 వేలు, పైన డీఏ. అందులోనే ఉత్తరాలు, పార్సిళ్ళు, పింఛన్ల పంపిణీ, సర్వర్ రాకపోతే జనం తిట్లు. అలాంటి మనిషి తన జేబులోంచి 250 తీసి ఎవరి బిడ్డ పేరు మీదనో వేశాడంటే ఎంత టెన్షన్ పెట్టి ఉంటారో అర్థం చేసుకోండి. టార్గెట్ల ఒత్తిడి గురించి గ్రామీణ డాక్ సేవకుల సంఘాలు ఏండ్ల నుంచి మొత్తుకుంటూనే ఉన్నాయి.

అసలు ఈ సంఖ్యల పిచ్చికి మూలం వేరే ఉంది. మనం పోస్టాఫీసులో వేసే పైసలు తపాలా శాఖవి కావు. 1999లో పెట్టిన జాతీయ చిన్న పొదుపుల నిధిలోకి పోతాయి, అక్కడి నుంచి సర్కారు అప్పుగా వాడుకుంటుంది. తపాలా శాఖది మధ్యలో పని చేసిపెట్టే ఏజెంటు పాత్ర. చేసినందుకు ఆర్థిక శాఖ ఖాతాల సంఖ్యను బట్టి దానికి పైకం ఇస్తుంది. ఇక సంఖ్య మీద మోజు ఎందుకుండదు? నష్టాల్లో ఉన్న శాఖ అని మనమూ ఏటా దెప్పుతూనే ఉంటాం కదా, వాళ్ళు కొత్త ఖాతాలు చూపించి మన నోరు మూయిస్తారు.

సేవింగ్స్ ఖాతా సంగతి ఇంకా అన్యాయం. కనీసం 500 ఉండాలి. అంతకు తగ్గిన నెలకు వడ్డీ రాదు. మార్చి 31 నాటికి 500 లేకపోతే 50 కోత. కోసీ కోసీ సున్నా అయితే ఖాతా దానంతట అదే మూత. ఉపాధి కూలి పడగానే మొత్తం తీసుకునే మనిషికి ఈ రూల్ ఎవరు చెప్తారు?

ఇవన్నీ నెలనెలా జీతమొచ్చి, ఊళ్ళోనే ఉండేవాళ్ళను చూసి రాసిన రూల్స్. మా దిక్కు జనం పంట చేతికొచ్చాక మూట కట్టుకొని పుణె, ముంబై, లేదంటే హైదరాబాద్ కట్టడాల మీదికి పోతారు. ఆర్డీ ఎవరు కట్టాలి? ఇంట్లో ముసలవ్వ ఒక్కతే. తప్పిన ప్రతి నెలకు నూటికి రూపాయి చొప్పున జరిమానా. నాలుగు నెలలు తప్పితే ఖాతా ఆగిపోతుంది, రెండు నెలల్లోపు మళ్ళీ తెరిపించుకోకపోతే ఇక అందులో కట్టనివ్వరు.

దీనికి మందు ఆ రూల్స్ పుస్తకంలోనే ఉంది. నెలకు నూరు కట్టే ఆర్డీకి ఆరు నెలలది ముందుగా కడితే పది రూపాయలు తగ్గిస్తారు, పన్నెండు నెలలది కడితే నలభై. వలస పోయేవాళ్ళ కోసమే పెట్టారా అన్నట్టుంది. మా ఊళ్ళో పదిమందిని అడిగి చూడండి, ఒక్కరికి తెలిస్తే గొప్ప. తపాలా బ్యాంకు యాప్ ఉన్నవాళ్ళు పుణెలో కూర్చొని ఫోన్లోనే ఆర్డీ, సుకన్య కట్టొచ్చు. అదీ ఎవరూ చెప్పరు.

నేనడిగేది ఒకటే. ఏడాది లెక్క చెప్పేటప్పుడు, మూడేండ్ల కింద తెరిచిన ఖాతాల్లో ఈ ఏడు పైసలు పడ్డవి ఎన్నో కూడా చెప్పండి. బీపీఎంకు మార్కులు ఆ లెక్క మీద వేయండి. అప్పుడు జేబులోంచి 250 వేసే అవసరం ఆయనకూ ఉండదు.

మేళా పెట్టాలనుకుంటే మార్చిలో వద్దు. వలస పోయిన జనమంతా కార్తీకంలో మా దిక్కు జరిగే కురుమూర్తి జాతరకు వస్తారు, అక్కడ ఒక బల్ల వేసుకొని కూర్చోండి. కొత్త ఖాతా ఒక్కటి కూడా తెరవొద్దు. పాత పాస్ పుస్తకం తెచ్చినవాళ్ళకు బాకీ ఎంతో చెప్పి, ఆరు నెలలది ముందుగా కట్టించుకొని పంపండి.